సీతాఫలం కన్నా బ్రెడ్డు మేలని నేను రాసిన నోటు

ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన మరుసటి యేడాది ఆగస్టులో నన్ను నల్లగొండ నుంచి పాలమూరు వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా డైటీషియన్. ఆసుపత్రి పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను. అక్కడ నాతో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు, నేను చెప్పబోయే తప్పు వాళ్లది కాదు. అచ్చంపేట నుంచి, దాని పైన నల్లమల అంచు గూడేల నుంచి కూడా రోగులు వచ్చే ఆసుపత్రి అని తెలిస్తే చాలు.

డైటీషియన్ అంటే వంటగది మీద పెత్తనం చేసే ఆవిడ అని ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లే చాలామంది అనుకుంటారు. వంటగది మా కిందే ఉంటుంది, నిజమే. కాని అసలు పని డైట్ షీటు. డాక్టరు రోగికి మందు రాసినట్టు మేము తిండి రాస్తాం: ఏది, ఎంత, ఏ గంటకు. ఆ పని నేను ఇరవయ్యేళ్లకు పైగా చేసి ఉన్నాను. గుండె జబ్బులు, షుగరు, కిడ్నీలు, కాలిన గాయాలు, అన్నీ చూశాను. కొత్త చోట నేర్చుకోవలసింది ఏమీ ఉండదనే నమ్మకంతోనే వెళ్లాను.

అక్కడ నాకు అప్పగించిన ముఖ్యమైన బాధ్యత పది మంచాల చిన్న వార్డు. తిండి చాలక చిక్కి శల్యమైన అయిదేళ్ల లోపు పిల్లలను తల్లులతో సహా రెండు వారాలపాటు అందులో ఉంచుతారు. పిల్ల జబ్బ చుట్టూ రంగుల టేపు చుట్టి కొలుస్తాం. కొలత ఎర్ర రంగులో పడితే చేర్చుకుంటాం. మొదటి వారం పాలు, చక్కెర, నూనె, మరమరాల పొడి కలిపి కాచిన పలుచటి పాలు రెండు గంటలకోసారి పడతాం. దీన్ని స్టార్టర్ పాలు అంటాం. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా బలమైన తిండి పెడితే గుండె తట్టుకోదు, అందుకని ఈ జాగ్రత్త. పిల్ల తేరుకుని ఆకలని ఏడవడం మొదలుపెట్టాక రెండో దశ. అందులో చిక్కటి పాలు, పాలలో నానబెట్టిన బ్రెడ్డు, గోధుమరవ్వ ఉప్మా, అంగన్‌వాడీ పిండితో కట్టిన ఉండలు ఉంటాయి. రోజూ ఉదయం ఏడింటికి బరువు తూచి చార్టు మీద చుక్క పెడతాం. చుక్కలను కలిపిన గీత పైకి పోతుంటే మా పని సరిగ్గా జరుగుతున్నట్టు.

నేను చేరిన నెలన్నరకు సీతాఫలాలు మొదలయ్యాయి. ఆ వైపు సీతాఫలాన్ని కొనుక్కుని తినేవాళ్లు తక్కువ. గుట్టలన్నీ అవే చెట్లు. కన్ను విచ్చిన, అంటే పైగుబ్బల మధ్య గీతలు తెల్లబడిన, కాయ తెంపి గడ్డిలో మాగేస్తే రెండు మూడు రోజుల్లో పండుతుంది. అంతవరకు ఆగలేనివాళ్లు పచ్చికాయనే నిప్పుల్లో కాల్చుకుని తింటారు. వార్డులో తల్లులను చూడవచ్చిన చుట్టాలు సంచుల నిండా పండ్లు తెచ్చేవారు. పిల్లలు అవి తిని మా ఉప్మా గిన్నె వంక చూసేవారు కాదు. ఆయాలకు మంచాల కింద నల్లగింజలు ఊడ్వడమే పని అయింది. జలుబు చేస్తుందని, గింజ గొంతులో పడుతుందని సిస్టర్లు కోప్పడేవారు.

అప్పుడే జిల్లా స్థాయి సమీక్షా సమావేశం జరిగింది. అందులో ఒక అధికారి, ఇంత పండు ఊరికే దొరికే జిల్లాలో పిల్లలకు బ్రెడ్డు ఎందుకు పెడుతున్నారని అడిగాడు. మంచి ప్రశ్నే. సూపరింటెండెంటు గారు నా వైపు చూశారు. రెండిటి పోషక విలువలు పోల్చి మూడు రోజుల్లో నోటు పెడతామని ఆయనే మాట ఇచ్చారు.

ఆ నోటు నేను ఇష్టంగా రాశాను. మాది నల్లగొండ పక్కన పానగల్. నా చిన్నప్పుడు మా ఇంట్లో బ్రెడ్డు అంటే జ్వరం వచ్చినవాళ్లకు పాలలో ముంచి పెట్టేది. డాక్టరు చెబితేనే తెచ్చేవారు. అది తిన్నామంటే లేచి కూర్చుంటామని మా అందరి నమ్మకం. సీతాఫలమంటే మేకలు కాసే పిల్లలు ఏరుకు తినేది. చదువు వేరే సంగతి నేర్పినా, ఈ తేడా నా లోపల ఎక్కడో అలాగే ఉండిపోయి ఉంటుంది. అప్పుడు మాత్రం అంకెలే రాస్తున్నాను అనుకున్నాను.

అంకెలు తప్పు కావు. నూరు గ్రాముల బ్రెడ్డులో ఇంచుమించు రెండు వందల యాభై కిలోక్యాలరీల శక్తి ఉంటుంది. అంతే బరువు సీతాఫలం గుజ్జులో నూరు, ఇంకాస్త. మాంసకృత్తులు బ్రెడ్డులో నాలుగు రెట్లు ఎక్కువ. పైగా పండులో తొక్క, గింజలు పోగా తినగలిగింది సగం కూడా ఉండదు. విటమిన్ సి, పొటాషియం వరసల్లో పండు ముందుంటుంది, అది కూడా నిజాయితీగా రాశాను. చివర్లో నా అభిప్రాయం ఇది: బరువు పెరగవలసిన పిల్లకు చిన్న కడుపులో ఎక్కువ శక్తి పట్టే తిండి కావాలి, కాబట్టి బ్రెడ్డు కొనసాగించాలి, వార్డులోకి సీతాఫలం రానివ్వకూడదు. సూపరింటెండెంటు గారు మెచ్చుకున్నారు. ఒక పక్క పండు, ఒక పక్క రెండు బ్రెడ్డు ముక్కలు బొమ్మగా వేయించి, కింద పట్టిక పెట్టి వార్డు గోడకు అతికించాం. జిల్లా కార్యాలయం దాన్ని మిగతా కేంద్రాలకు కూడా పంపింది. నా సర్వీసులో నా రాత ఒకటి అచ్చయి గోడకెక్కడం అదే మొదటిసారి.

దసరా వెళ్లిన వారానికి అంజలిని తెచ్చారు. రెండున్నరేళ్ల పిల్ల. నల్లమల అంచున ఒక గూడెం. తల్లి పేరు బౌరమ్మ, తండ్రి లింగయ్య. అడవిలో తేనె, గడ్డలు, కాలం వస్తే సీతాఫలాలు తెచ్చి బతికే కుటుంబం. వాళ్ల గూడేనికి వెళ్లే ఏఎన్‌ఎం, అంటే ఇంటింటికీ తిరిగే నర్సు, వాళ్లను ఒప్పించి మా దగ్గరికి తీసుకొచ్చింది. పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయి. పొట్ట మాత్రం ముందుకొచ్చి బిగుసుకుని ఉంది. ఎవరినీ ఎత్తుకోనివ్వదు, పలకరిస్తే ముఖం తిప్పుకుంటుంది. బౌరమ్మ చంకలో ఇంకొక పసివాడు, ఏడెనిమిది నెలలవాడు.

మొదటి వారం స్టార్టర్ పాలతో అంజలి బాగానే తేరుకుంది. విరేచనాలు తగ్గాయి. గీత కొంచెం పైకి పోయింది. ఎనిమిదో రోజు పాలలో బ్రెడ్డు మొదలుపెట్టించాను. పదో రోజుకు మళ్లీ విరేచనాలు. పొట్ట ఉబ్బింది, బరువు దిగింది. ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. చేతులు శుభ్రంగా లేకనో, నీళ్లు మంచివి కాకనో అనుకుంటాం. నేను వార్డుకు వెళ్లేసరికి బౌరమ్మ గోడవైపు తిరిగి కూర్చుని, కొంగు చాటున సీతాఫలం విప్పి, ఒక్కొక్క తొనే నోట్లో వేసుకుని గింజ తీసేసి, గుజ్జు వేలి మీద పెట్టి పిల్లకు నాకిస్తోంది. పిల్ల మారాం లేకుండా తింటోంది.

కారణం దొరికిందనుకున్నాను. సంచి తీసుకుని చూస్తే ఇంకో నాలుగు పండ్లు. ఆయాతో బయట పడేయించాను. అప్పుడు బౌరమ్మ అన్న మాట నాకు ఈనాటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది.

"గీ బ్రెడ్డు తిన్నప్పుడల్ల దీని కడుపు ఉబ్బుతాంది మేడం. మా కాడ పండ్లు, అంబలి తింటే మంచిగనే ఉంటది."

ఆమెను గోడ దగ్గరికి తీసుకెళ్లి పట్టిక చూపించాను. ఆమెకు చదువు రాదు, అందుకే బొమ్మ మీద వేలు పెట్టి చెప్పాను: గీ ఒక్క పండు కంటే గీ రెండు ముక్కలల్ల బలం ఎక్కువ, నీ బిడ్డ బతకాలంటే గిదే తినాలె అని. మంచిగా, ఓపిగ్గానే చెప్పాను. ఆమె బొమ్మను చాలాసేపు చూసింది. మర్నాడు ఉదయం బరువు తూచే వేళకు మంచం ఖాళీగా ఉంది. రిజిస్టరులో చెప్పకుండా వెళ్లిపోయారు అని రాసుకున్నాం.

ఇరవై రోజుల తర్వాత ఏఎన్‌ఎం వాళ్లను మళ్లీ పరీక్షకు తీసుకొచ్చింది. టేపు చుట్టి చూస్తే కొలత ఎర్ర రంగు దాటి పసుపులో పడింది. బరువు పెరిగింది. పొట్ట మెత్తబడింది. అంజలి తల్లి చెంగు పట్టుకుని నడుస్తోంది. ఏం పెట్టావని అడిగితే బౌరమ్మ దాచకుండా చెప్పింది: అన్నం, తైదంబలి అంటే రాగి జావ, రోజూ రెండు మూడు సీతాఫలాలు. గూడెంలో సీతాఫలాల కాలంలో పిల్లలందరూ అవే తింటారు.

ఈ రోజు వెనక్కి తిరిగి చూస్తే, అంజలిని దక్కించుకోవడానికి నాకు దొరికిన అవకాశం అదే. పిల్ల నా ఎదుట నడుస్తోంది. తల్లి నోటితో కారణం చెబుతోంది. నేను రిజిస్టరులో ఇలా రాశాను: ఆసుపత్రిలో ఇచ్చిన ఆహారం వల్ల మెరుగుదల. పది రోజులు మా దగ్గర తిన్న తిండి ఫలితం ఇప్పుడు కనిపిస్తోందని నిజంగానే నమ్మాను. అంతటితో ఆగలేదు. బౌరమ్మను కూర్చోబెట్టి గంటసేపు బోధించాను. సీతాఫలాలు ఇంకో పదిహేను రోజుల్లో అయిపోతాయి, ఇప్పట్నుంచే పిల్లను బ్రెడ్డుకు, అంగన్‌వాడీ పిండికి అలవాటు చెయ్యమన్నాను. పండు పెట్టనని ఒట్టు వేయమన్నాను. ఆమె పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

డిసెంబరు రెండో వారంలో లింగయ్య అంజలిని భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. బస్సు దిగిన చోటు నుంచి వార్డు దాకా అలాగే మోశాడు. పిల్ల మెడ నిలపడం లేదు. పాదాలు నీరు పట్టాయి. టేపు ఎర్ర రంగులోనూ కింది అంచుకు పడింది. నాకు కోపం వచ్చింది. ఏం తినబెట్టారని గట్టిగానే అడిగాను. బౌరమ్మ పసివాడిని మంచం మీద పడుకోబెట్టి నా ముఖం వంక చూసింది.

"నువ్వు చెప్పినట్లే వెట్టిన మేడం. ఒక్క పండు వెట్టలె."

అంగన్‌వాడీ పిండి పూటకొకసారి ఉండ చేసి పెట్టిందట. లింగయ్య సంతకు పోయినప్పుడల్లా బ్రెడ్డు తెచ్చాడట. పిల్ల తినక ఏడిస్తే పట్టుకుని మింగించారట. ఏడుస్తున్నా ఎందుకు పెట్టారని అడగబోయి ఆగిపోయాను. అలా పెట్టమన్నది నేనే.

మళ్లీ స్టార్టర్ పాలు. మళ్లీ నాలుగైదు రోజులకు కొంచెం తేరుకుంది. మళ్లీ రెండో దశ, మళ్లీ బ్రెడ్డు. పద్ధతి ప్రకారం అదే చేయాలి, నేను అదే రాశాను. తొమ్మిదో రోజు వార్డు సిస్టరు నస్రీన్ నా గదికి వచ్చింది. చిన్న వయసు, తక్కువ మాట్లాడే మనిషి. చేతిలో అంజలి రెండు చార్టులు ఉన్నాయి. పాలు తాగినన్ని దినాలు గీత పైకి పోతోంది, బ్రెడ్డు మొదలైన మూడో నాడు దిగుతోంది, అప్పుడూ గట్లే ఉంది, ఇప్పుడూ గట్లే ఉంది, జర చూడండి మేడం అంది. నేను చార్టులు చూశాను. సీసాలు సరిగ్గా ఉడకబెట్టడం లేదేమో చూడమని ఆమెకే చెప్పి పంపించాను. ఒక సిస్టరు నా డైట్ షీటును తప్పుపడుతోందన్న చిరాకు ఆ మాటలో ఉంది. ఆ చిరాకుతో నేను మూడు రోజులు పోగొట్టాను.

మూడో రోజు బరువు చుక్క ఇంకా కిందికి పడింది. రెండు చార్టులు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు చూశాను. ఒకే గీత రెండుసార్లు గీసినట్టుంది. ఆ రెండూ పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చార్టులు చూసి, పిల్ల పొట్ట నొక్కి చూసి, ఏయే తిండిలో గోధుమ ఉందని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను: బ్రెడ్డు, ఉప్మా, పిండి ఉండలు. చెబుతుండగానే నాకూ అర్థమైంది. పాలలో గోధుమ లేదు. మరమరాల్లో లేదు. అన్నంలో, తైదల్లో, సీతాఫలంలో లేదు.

ఆ జబ్బును సీలియాక్ అంటారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు పదార్థం కొందరి పేగులకు పడదు. తిన్నకొద్దీ పేగు లోపలి పొర అరిగిపోతుంది, ఆపైన ఏది తిన్నా ఒంటికి పట్టదు. మందు లేదు. గోధుమ మానడమే వైద్యం. ఉత్తరాదిలో చదువుకునేటప్పుడు ఇలాంటి పిల్లలను చాలామందిని చూశానని, ఇక్కడ ఇదే మొదటిసారని డాక్టరు అన్నాడు. మన వైపు అది చాలా తక్కువ. అన్నం, జొన్న తినే ఇళ్లలో ఉన్నా బయటపడదు. అంజలి గూడెంలో గోధుమ లేదు. దాన్ని ఆ గూడేనికి పిండి రూపంలో, బ్రెడ్డు రూపంలో పంపింది మేము.

అదే పూట గోధుమ ఆపించాను. రక్తం తీసి హైదరాబాదుకు పరీక్షకు పంపారు. రెండు రోజులు పిల్ల నిలకడగా ఉంది. మెత్తటి అన్నం, పెరుగు నీళ్లు రెండు చెంచాలు మింగింది. మూడో రోజు ఒళ్లు చల్లబడింది. విరేచనాలతో పొటాషియం పూర్తిగా పడిపోయిందని, ఇక్కడ చేయగలిగింది లేదని, హైదరాబాదు పెద్దాసుపత్రికి పంపాలని డాక్టరు నిర్ణయించాడు. అంబులెన్సులో నస్రీన్ వెంట వెళ్లింది. వెళ్లవలసింది నేను కాదు, అది సిస్టరు డ్యూటీ. కాని నేను అడిగి ఉండవచ్చు, అడగలేదు. మధ్యాహ్నం రెండింటికి నస్రీన్ ఫోను చేసింది. షాద్‌నగర్ దాటకముందే అంజలి పోయింది. బండి తిప్పి, అటునుంచి అటే గూడెం దాకా తీసుకుపోయారు. బౌరమ్మ దారి పొడుగునా ఏడవలేదని, పిల్ల పాదాలు రుద్దుతూనే ఉందని నస్రీన్ తర్వాత చెప్పింది.

రక్తపరీక్ష ఫలితం ఆపైన పదకొండు రోజులకు వచ్చింది. డాక్టరు ఊహించిందే. పేగు ముక్క తీసి పరీక్షించనిదే నూటికి నూరుపాళ్లు చెప్పలేమని కూడా కాగితం మీద ఉంది.

పిల్ల చనిపోతే మరణ సమీక్ష అని ఒకటి ఉంటుంది. కమిటీ కూర్చుని కారణాన్ని ఫారంలో రాస్తుంది. తీవ్ర పోషకాహార లోపం, విరేచనాలు, పొటాషియం లోపం అని రాశారు. తల్లి మొదట్లోనే చెప్పిందని, మేము వినలేదని నా వివరణ కూడా జతచేస్తానన్నాను. సూపరింటెండెంటు గారు చెడ్డ మనిషి కాదు. నన్ను కూర్చోబెట్టి, మీరు పద్ధతి ప్రకారమే నడిచారు, పద్ధతిలో గోధుమ ఉండటం మీ తప్పు కాదు, పరీక్ష కూడా పూర్తి రుజువు కాదు, ఎందుకు మీద వేసుకుంటారని నచ్చజెప్పారు. నేను నచ్చజెప్పించుకున్నాను. ఫలితం కాగితం ఫైలులోకి వెళ్లింది.

కాని ఒక సంగతి ఫైలులో పెట్టి ఊరుకునేది కాదు. ఈ జబ్బు ఒక తల్లి పిల్లల్లో ఒకరికి ఉంటే ఇంకొకరికి ఉండే అవకాశం ఎక్కువ. చంకలో పసివాడికి పది నెలలు వచ్చి ఉంటాయి. అంగన్‌వాడీ పిండి మొదలుపెట్టే వయసే. జనవరిలో సెలవు పెట్టి ఏఎన్‌ఎంతో కలిసి గూడేనికి వెళ్లాను.

బౌరమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. లింగయ్య మాకు నులక మంచం వాల్చాడు. నేను మంచం మీద కూర్చోలేక కింద, ఆమె ఎదురుగా కూర్చున్నాను. జబ్బు సంగతి నాకు చేతనైనంత తేలిక మాటల్లో చెప్పాను. బ్రెడ్డు, పిండి అంజలి పేగులకు పడలేదని, ఆమె మొదటి రోజు చెప్పిందే నిజమని, నేను వినలేదని చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. ఆ మాట కమిటీ ముందు చెప్పలేదు, అక్కడ చెప్పాను.

ఆమె పసివాడి తల నిమిరింది. తర్వాత, నన్ను చూడకుండా అంది:

"నాకు కండ్లకు కనవడ్డది మేడం. తిన్నప్పుడల్ల ఉబ్బుడు, ఏడ్సుడు. అయినా సదువుకున్నదానివి, నా బిడ్డ మంచికే చెప్తున్నవనుకున్న. నా కండ్లను నేనే నమ్మలె."

ఆపైన ఒకటే అడిగింది. "గా పండ్లే వెట్టుంటే బతుకుతుండెనా?"

ఏ జవాబు చెప్పినా ఆమెకు మేలు జరగదు. అబద్ధం చెప్పాలని కూడా అనిపించింది. వట్టి పండ్లతో బతికేది కాదని, గోధుమ ముట్టకుండా అన్నం, అంబలి, గుడ్డు, పండ్లు పెట్టివుంటే బతికేదేమోనని చెప్పాను. అవన్నీ ఆమె పెట్టినవే, లేదా పెట్టగలిగినవే. అది ఆమెకు తెలుసు. లేచి లోపలికి పోయింది. పసివాడికి రక్తపరీక్ష చేయించాలని, పిండి పెట్టవద్దని లింగయ్యకు రెండుసార్లు చెప్పాను. అతను తల ఊపాడు. ఎండ ముదురుతోంది, ఇంక పోయిరమ్మని మర్యాదగా అన్నాడు.

వాళ్లు పరీక్షకు రాలేదు. ఏఎన్‌ఎం రెండుసార్లు వెళ్లి అడిగింది. మూడోసారి వెళ్లేటప్పటికి గుడిసెకు తాళం ఉంది. కూలికి కృష్ణ అవతలికి పోయారని పక్కవాళ్లు చెప్పారు. తర్వాత ఆ పిల్లవాడు ఏమయ్యాడో నాకు తెలియదు. ఆ యేడాది ఆ గూడెం నుంచి మా వార్డుకు ఒక్క పిల్ల కూడా రాలేదు. చేతులు సన్నబడ్డ పిల్లలు అక్కడ ఇంకా ముగ్గురున్నారని ఏఎన్‌ఎం లెక్క చెప్పింది, తల్లులు మాత్రం బండి ఎక్కడం లేదంది. ఎక్కించమని ఒత్తిడి చేసే ముఖం నాకు లేదు. నేను వెళ్లి నిజం చెప్పడం వల్లనే వాళ్లు రావడం మానారా అని ఆలోచించాను. అయి ఉండవచ్చు. అలాగైతే ఆ ముగ్గురికి నా నిజం వల్ల కూడా చెడే జరిగింది.

నోటును వెనక్కి తీసుకోవాలని, కనీసం గోధుమ పడని పిల్లల గురించి ఒక వాక్యం చేర్చాలని జిల్లా కార్యాలయానికి ఉత్తరం రాశాను. అందినట్టు రశీదు వచ్చింది. మళ్లీ రాస్తే, పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. మా వార్డు గోడ మీది బొమ్మను నేనే తీసేశాను. మిగతాచోట్ల ఉన్నవాటి మీద నాకు అధికారం లేదు. పదవీ విరమణకు ముందు సంవత్సరం ఇంకొక కేంద్రానికి తనిఖీకి వెళ్తే అక్కడ ఇంకా ఉంది. రంగు వెలిసింది, అంకెలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. దాని కింద ఒక తల్లి పిల్లకు పాలలో బ్రెడ్డు ముంచి పెడుతోంది. పిల్ల బాగానే తింటోంది. ఆ పిల్లకు అది మంచిదే అయి ఉంటుంది. చాలామంది పిల్లలకు మంచిదే.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పోషక విలువల పట్టిక తిండిలో ఏముందో చెబుతుంది. తిన్న పిల్లకు అందులో ఎంత అందిందో చెప్పదు. అది బరువు చార్టు చెబుతుంది, అంతకన్నా ముందు తల్లి చెబుతుంది. ఆమె మాట పట్టికకు విరుద్ధంగా ఉంటే ముందు ఆ తిండి ఆపి, తర్వాత కారణం వెతకాలి. నేను ముందు ఆమె నోరు మూయించి, తర్వాత కారణం వెతికాను. చదువుకునే రోజుల్లోనే మా పాఠ్యపుస్తకంలో సీలియాక్ గురించి ఒక పేజీ ఉండేది. మన ప్రాంతంలో అరుదు అని ఉంటే, పరీక్షలో రాదని ఆ పేజీ వదిలేశాను.